చీటీ మీద మోసిన తుపాకి
(ఆయుధ చట్టం, లైసెన్సు దుకాణం, కులం)

మా ఇంట్లో ఒక పాత రేకుపెట్టె ఉంది. మా తాత దాచుకున్న కాగితాలు అందులో నాలుగైదు మిగిలాయి. తాతకు చదువు రాదు. అయినా ఏ కాగితాన్నీ పారేసేవాడు కాదు. ఏ కాగితం ఎప్పుడు మెడకు చుట్టుకుంటుందోనని ఆయన భయం. వాటిలో ఒకటి హైదరాబాదులో తుపాకులు అమ్మే, బాగుచేసే ఒక దుకాణం ఇచ్చిన రసీదు. దానికి గుండుసూదితో గుచ్చి ఉన్న చీటీ మా ఊరి దొర రాసింది. 1967 నాటిది. తన లైసెన్సు నంబరూ తుపాకి నంబరూ వేసి, దీన్ని తెచ్చినవాడు తన జీతగాడనీ, మరమ్మతు కోసం పంపుతున్నాననీ, పని కాగానే కబురు చేస్తే మళ్లీ వీణ్నే పంపుతాననీ రాశాడు. తాత పేరు చివర 'గాడు' ఉంది. తుపాకి తిరిగి గడీకి చేరాక దొర ఆ కాగితాలు అడగలేదు, తాత పారేయలేదు. రాసిన నలభై ఏళ్ల తర్వాత దాన్ని మా ఇంట్లో మొదటిసారి చదివింది మేమే.

ఆ ప్రయాణం గురించి తాత మాకు చిన్నప్పుడు చాలాసార్లు చెప్పాడు. రెండు గొట్టాల బందూకు. దాని ఘోడా పట్టు తప్పింది. గొట్టాన్నీ కుందానూ విడదీసి గుడ్డ చుట్టి, గోనెసంచిలో పెట్టి, లైసెన్సు పుస్తకం కూడా ఇచ్చి బస్సెక్కించారు. తూటా మాత్రం ఒక్కటి కూడా ఇవ్వలేదు. హైదరాబాదులో దిగగానే ఇద్దరు పోలీసులు పట్టుకున్నారు. "సంచి విప్పకముందు కొట్టొచ్చిన్రు. విప్పినంక బెదిరిన్రు. చిట్టి సదివినంక మల్ల ఒరే అన్నరు" అనేవాడు తాత. ఇది చెప్పి నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం. అందులో చరిత్ర ఉందని అప్పుడు మాకు తెలవదు.

తర్వాత యూనివర్సిటీలో ఆయుధ చట్టం చదివినప్పుడు మాకొక విషయం అర్థమైంది. దొర రాసిన చీటీ దొర కనిపెట్టిన పద్ధతి కాదు. 1959 ఆయుధ చట్టం 3వ సెక్షన్‌లోనే అది ఉంది. లైసెన్సు లేకుండా ఎవరూ తుపాకి పట్టుకోకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. ఆ వెంటనే ఒక మినహాయింపు ఇస్తుంది. లైసెన్సుదారు ఎదుట గానీ, లైసెన్సుదారు రాసిచ్చిన అనుమతి మీద గానీ, తనకు లైసెన్సు లేని మనిషి కూడా తుపాకిని మోయవచ్చు. ఎందుకు మోయవచ్చు? మరమ్మతుకు, లైసెన్సు రెన్యువల్‌కు, లేదా ఆ లైసెన్సుదారు వాడుకోవడానికి. ఈ మూడింటికే. తుపాకి మీద మోసేవాడికి హక్కు లేదు, దాన్ని మోసే పని మాత్రం ఉంది. చట్టం ఇక్కడ కులం పేరెత్తదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు. ఎవరు ఎవరి బరువు మోయాలో మన ఊళ్లకు చట్టం చెప్పాలా?

ఆయుధ చట్టం గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒకటే కథ ఉంటుంది. 1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాడు భయపడ్డాడు, జనం దగ్గర ఆయుధాలు గుంజుకున్నాడు, 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు ఆయుధ చట్టం చేశాడు, యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు లైసెన్సు అక్కర్లేదన్నాడు, భారతీయులకు కావాలన్నాడు, ఇది జాతి అవమానం. ఇందులో అబద్ధమేమీ లేదు. కాంగ్రెస్ సభల్లో ఏళ్ల తరబడి దీని మీద తీర్మానాలు చేశారు. 1931 కరాచీ తీర్మానంలో ఆయుధం ధరించే హక్కు కూడా ప్రాథమిక హక్కుల జాబితాలో చేరింది. కానీ 'భారతీయులందర్నీ నిరాయుధుల్ని చేశారు' అనే వాక్యం దగ్గర మేం ఆగిపోతాం. 1878కి ముందు మాలవాడల్లో, మాదిగవాడల్లో ఏ ఆయుధాలు ఉన్నాయని గుంజుకున్నారు? ధర్మానికి ఆటంకం వచ్చినప్పుడు ద్విజులు ఆయుధం పట్టవచ్చని మనుస్మృతి చెప్పింది. ఆ 'పట్టవచ్చు'లో మనం లేం. కింది కులాల చేతుల్లో ఆయుధం లేకుండా, చదువు లేకుండా చేసింది చాతుర్వర్ణ్యమే, అందుకే ఇక్కడ తిరుగుబాటు రాలేదని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో వాదించారు. లిట్టన్ కంటే చాలా ముందే మన దగ్గర ఒక ఆయుధ చట్టం అమల్లో ఉంది. దానికి లైసెన్సు ఆఫీసు లేదు, అంతే.

మన చేతికి ఆయుధం అసలు రానే లేదని కూడా మేం అనం. వచ్చింది, జీతం మీద వచ్చింది. 1818 జనవరి 1న కోరేగావ్‌లో కంపెనీ తరఫున పోరాడినవాళ్లలో మహర్లున్నారు. మద్రాసు సైన్యంలో పరయలు, మాలలు ఉన్నారు. 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం వచ్చాక 1892లో మహర్ల భర్తీ ఆపేశారు. మళ్లీ చేర్చుకోమని గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో అర్జీ తయారుచేశారు. అంబేద్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదార్ మేజర్‌గా రిటైరయ్యారు. సిపాయి తుపాకి పల్టను ఆయుధాగారంలో ఉంటుంది. సిపాయి ఊరికి వచ్చేటప్పుడు పింఛను కాగితం తెచ్చుకుంటాడు, తుపాకి తెచ్చుకోడు. దొర తుపాకి మాత్రం ఊళ్లోనే, గోడ మీద వేలాడుతూ ఉంటుంది. తేడా ఇక్కడుంది.

1878 చట్టం నిజంగా ఎలా పనిచేసిందో చూస్తే తెల్లవాడు, నల్లవాడు అనే గీత ఒక్కటే కనిపించదు. దాని 27వ సెక్షన్ కింద ప్రభుత్వం ఎవరికైనా మినహాయింపు ఇవ్వవచ్చు. ఆ మినహాయింపుల జాబితాలోకి సంస్థానాధీశులు, బిరుదులున్నవాళ్లు, పెద్ద జమీందార్లు చేరుతూ వచ్చారు. 1919-20లో నియమాలు మార్చి జాతి భేదం తీసేశామన్నారు. తీసేసిన చోట హోదా వచ్చి కూచుంది. శిస్తు ఎంత కడతావు, ఆదాయపు పన్ను కడతావా అని మనిషిని తూచారు. భూమి లేనివాడికి కాపాడుకోవాల్సిందేమీ లేదని కచేరీ అభిప్రాయం. తన ప్రాణం, తన ఆడపిల్ల మానం ఆ లెక్కలోకి రావు.

కొడగు ఉదాహరణ ఇంకా సూటిగా ఉంటుంది. 1861లో చీఫ్ కమిషనర్ మార్క్ కబ్బన్ కొడవలను నిరాయుధీకరణ చట్టం నుంచి మినహాయించాడు. బ్రిటిష్‌వాళ్ల పట్ల విధేయంగా ఉన్నారని, యోధుల జాతి అని. రాజ్యం పోయినా ఆ మినహాయింపు పోలేదు. 1959 చట్టం కింద స్వతంత్ర భారత ప్రభుత్వం కూడా దాన్ని కొనసాగించింది. 'కూర్గ్ జాతి' మనుషులకు, జమ్మా భూమి హక్కుదార్లకు కొన్ని రకాల తుపాకులకు లైసెన్సు అక్కర్లేదు. 2019లో దీన్ని 2029 దాకా పొడిగించారు. 2021లో కర్ణాటక హైకోర్టు ఇది చెల్లుతుందని తీర్పు చెప్పింది. కొడవల సంస్కృతిలో తుపాకికి స్థానముందని, పుట్టినా చచ్చినా గాల్లోకి పేలుస్తారని చెబుతారు. ఉండొచ్చు, మేం కాదనం. కానీ అదే కొడగులో తరతరాలుగా పొలాల్లో, తోటల్లో బానిసలుగా బతికిన ఎరవలకు ఏ సంస్కృతి కింద ఏ మినహాయింపు దొరికింది? చట్టం ఒక జాతి పేరు, ఒక భూమి హక్కు పేరు పక్కపక్కన రాసి ఆయుధం ఇచ్చిన చోటు ఇది. మిగతా దేశంలో అదే పని పేరు రాయకుండా జరిగింది.

దుకాణం దాకా దారి

ఇప్పుడు దుకాణం సంగతికొద్దాం. తుపాకి చరిత్ర రాసేవాళ్లు పేల్చిన వాణ్ని చూస్తారు, చచ్చిన వాణ్ని చూస్తారు. నడుమ ఉన్న లైసెన్సు డీలరును చూడరు. ఈ వ్యవస్థకంతా కీలు ఆ దుకాణంలోనే ఉంది. తుపాకి ఎక్కడ కొన్నా, ఎక్కడ అమ్మినా, ఎక్కడ బాగుచేసినా ఆ రిజిస్టరులోకి ఎక్కాలి. ఎవరి పేరున ఎక్కిందో వాడే ఆయుధమున్న మనిషి.

వలస కాలంలో డీలరు చేతుల మీదుగా ఆయుధం ఎలా ప్రయాణించేదో చూపించే సంఘటన ఒకటుంది. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా కంపెనీకి విదేశం నుంచి వచ్చిన ఆయుధాలు ఓడరేవు కస్టమ్స్ నుంచి గోదాముకు తరలుతున్నాయి. రోడా లైసెన్సున్న పెద్ద వ్యాపార సంస్థ. సరుకు విడిపించే గుమాస్తా శ్రీశ్ మిత్ర విప్లవకారుల మనిషి. 202 పెట్టెలు విడిపించి ఎద్దుబండ్ల మీద ఎక్కించాడు. గోదాముకు 192 చేరాయి. పది పెట్టెలున్న బండి దారి మళ్లింది. అందులో 50 మౌజర్ పిస్తోళ్లు, 46 వేల తూటాలు. బెంగాల్ విప్లవోద్యమ చరిత్రలో దీన్ని గొప్పగా రాసుకుంటారు. రాసుకోనివ్వండి, సాహసమే. మాకు మాత్రం ఇందులో ఒక చిన్న వివరం మీద కన్ను పడింది. ఆ బండి తోలిన హరిదాస్ దత్త బండివాడి వేషం వేసుకున్నాడు. చదువుకున్న భద్రలోక్ యువకుడు ఆయుధాల పక్కన నిలబడితే పోలీసులు అనుమానిస్తారు. బండి తోలే కూలీవాడు ఆయుధాల మీద కూచుని పోయినా ఎవరూ చూడరు. ఎందుకంటే ఆ ఓడరేవులో రోజూ ఆయుధాలు మోసింది ఆ కూలీలే. వాళ్లు మోస్తే అది సరుకు. వాళ్ల చేతిలో అది ఆయుధం అవుతుందని పోలీసులకు తట్టదు. మా తాత గోనెసంచిలో తుపాకి మోసింది ఈ లెక్క మీదే.

నిజాం రాజ్యంలో 1878 చట్టం నేరుగా లేదు. అక్కడ జాగీర్దారు, దేశ్‌ముఖు ఉన్నారు. వెట్టి ఉంది. దొర బండి ముందు పరుగెత్తడం, సామాను ఊరి నుంచి ఊరికి మోయడం, ఉత్తరాలు చేరవేయడం మాల మాదిగల వెట్టి. దొర వేటకు పోతే అరిచి, డప్పు కొట్టి జంతువును తుపాకి ముందుకు తోలింది మనవాళ్లే. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పేల్చిన తుపాకికి దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఊరేగింపులో ఉన్నవాళ్ల చేతుల్లో కర్రలు, వడిసెలలు. ఆ తర్వాత సంఘం తుపాకి పట్టింది. గడీల నుంచి, రజాకార్ల నుంచి, పోలీసుల నుంచి గుంజుకున్న తుపాకులవి. అందులో దళితులు ఎంతోమంది దళాల్లో నడిచారు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత సైన్యం ఊళ్లలో ఆయుధాలు ఏరింది. పారిపోయిన దొరలు తిరిగొచ్చారు. 1951 అక్టోబరులో పోరాటం ఆగింది. దళం చేతిలో ఉన్నది అక్రమ ఆయుధమైంది, గడీలో ఉన్నది లైసెన్సు ఆయుధమైంది. తెలంగాణ పోరాటం మీద వచ్చిన అంత సాహిత్యంలో ఈ మార్పు మీద ఒక్క అధ్యాయం ఉండాల్సింది. మన కమ్యూనిస్టు మిత్రులకు భూమి లెక్క తెలిసినంత బాగా తుపాకి కులం లెక్క తెలవలేదు.

ఆ రోజుల్లోనే ఢిల్లీలో మరొక చర్చ నడిచింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆయుధం ధరించే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ తెచ్చారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. సవరణ వీగిపోయింది. దీన్ని చూసి, ఆయుధం లేకే మనం లేవలేదని 1936లో రాసిన మనిషి 1948లో ఆయుధ హక్కు ఎందుకొద్దన్నాడు అని అడిగే విద్యార్థులు మాకు తారసపడ్డారు. న్యాయమైన ప్రశ్నే. మా సమాధానం ఇది. హక్కు అందరికీ అని రాసినా ఊళ్లో తుపాకి కొనగలిగేది ఎవరు? దుకాణంలోకి నడిచి వెళ్లగలిగేది ఎవరు? ఆ హక్కు మన పేరున రాసి వాళ్ల గోడకు వేలాడేది. ఇది మా ఊహ. అంబేద్కర్ ఆనాడు చెప్పిన కారణాలు వేరు, రాజ్యం భద్రతకు సంబంధించినవి. కానీ గ్రామం గురించి ఆయనకున్న అభిప్రాయం తెలిసినవాళ్లకు మా ఊహ మరీ దూరంగా తోచదనుకుంటాం.

1959 చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాన్ని పగబట్టి చదవాల్సిన పనిలేదు. అందులో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. 14వ సెక్షన్ రెండో భాగం: చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదు. చట్టంలో ఏదైనా చేయకూడదని రాశారంటే అంతకుముందు అది జరుగుతోందనే అర్థం. ఆస్తి చూసి తుపాకి ఇచ్చారన్నదానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అయితే అదే సెక్షన్‌లో ముందు భాగం శాంతిభద్రతల పేరుతోనో, మనిషి తగడన్న పేరుతోనో నిరాకరించే అధికారం ఇచ్చింది. ముందు తలుపు తీసి, దానికి పక్కనే ఇంకో తలుపు వేశారు. దళితుడు తుపాకి అడిగితే ఊళ్లో శాంతి చెడుతుంది. దొరకు తుపాకి ఉంటే ఊరు శాంతిగా ఉంటుంది!

ఇక 5వ సెక్షన్. తుపాకి తయారుచేయడం, అమ్మడం, మార్చడం, బాగుచేయడం, పరీక్షించడం, అన్నిటికీ లైసెన్సు కావాలి. సొంత తుపాకిని ఇంకొకరికి అమ్ముకోవాలంటే కొనేవాడి పేరు, చిరునామా కలెక్టరుకో దగ్గరి పోలీసు స్టేషనుకో రాసిచ్చి 45 రోజులు ఆగాలి. 1878 చట్టంలో అమ్మాక చెబితే సరిపోయేది. ఊరి కమ్మరి తరతరాలుగా నాటు తుపాకి గొట్టం సరిచేసినవాడు. లైసెన్సు లేకుండా ఇప్పుడు స్క్రూ బిగించినా నేరస్తుడే. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. పనితనం కమ్మరిది, లైసెన్సు బస్తీ దుకాణానిది. దుకాణం లోపల వెనకగదిలో ఆకురాయి పట్టుకుని కూచున్న మిస్త్రీ ఏ కులం వాడో ఒకసారి అడిగి చూడండి.

దొరల తుపాకులు ఎక్కువగా పాతవి. బర్మింగ్‌హామ్ ముద్ర ఉన్న తుపాకి అంటే వాళ్లకు వంశం లాంటిది. విదేశీ తుపాకుల దిగుమతి 1980ల మధ్య నాటికి దాదాపు మూతబడింది. దాంతో పాతదానికే విలువ పెరిగింది, మరమ్మతు దుకాణానికి గిరాకీ పెరిగింది. తండ్రి చనిపోతే కొడుకు పేరున లైసెన్సు వచ్చేదాకా తుపాకి పోలీసు స్టేషనులో గానీ డీలరు దగ్గర గానీ ఉండాలని 21వ సెక్షన్ చెబుతుంది. దుకాణం తాకట్టు కొట్టూ అయింది, కులాసాగా దాచుకునే చోటూ అయింది. లైసెన్సు ఫారంలో ఇంకో గడి ఉంది. 'రిటెయినర్' అని. అంటే లైసెన్సుదారు తరఫున తుపాకి పట్టుకునే కాపలా మనిషి. దొర పేరు కింద జీతగాడి పేరు. తుపాకి వీడు మోస్తాడు, అవసరమైతే వీడే పేలుస్తాడు, ఆ పేలుడు పేరు మాత్రం దొర రక్షణ. వెట్టి రద్దయిందని మనకు చెప్పినవాళ్లు ఈ గడి చూడలేదేమో.

ఆ చీటీ రాసిన 1967లోనే అమెరికాలో ఒక విషయం జరిగింది. మన ఉద్యమానికి దానితో చుట్టరికం ఉంది కాబట్టి ఇక్కడ చెబుతాం. ఆ మే 2న బ్లాక్ పాంథర్లు తుపాకులు పట్టుకుని కాలిఫోర్నియా శాసనసభకు వెళ్లారు. అప్పటికి అక్కడ అలా పట్టుకు తిరగడం నేరం కాదు. తెల్లవాళ్లు తిరిగినంతకాలం కాలేదు. నల్లవాళ్లు తిరగగానే మూడు నెలల లోపు మల్ఫోర్డ్ చట్టం చేసి ఆపేశారు, గవర్నరు రీగన్ సంతకం పెట్టాడు. మరుసటి ఏడాది, 1968లో, దేశం మొత్తానికి తుపాకుల చట్టం వచ్చింది. రాష్ట్రం దాటి తుపాకి తెప్పించుకోవాలంటే లైసెన్సున్న డీలరు ద్వారానే రావాలన్నారు. ఒక సౌకర్యం మిగిల్చారు. సొంత తుపాకిని లైసెన్సున్న దుకాణానికి మరమ్మతుకు పంపితే, బాగుచేసి నేరుగా పంపినవాడికే తిరిగి పంపవచ్చు. అక్కడ చట్టం తుపాకికీ యజమానికీ నడుమ రవాణా కంపెనీని చూసింది. ఇక్కడ చట్టం ఆ నడుమ జీతగాణ్ని చూసింది. పాంథర్ల పేరు 1972లో బొంబాయికి వచ్చి దళిత్ పాంథర్స్ అయింది. పేరు వచ్చింది గానీ తుపాకి రాలేదు. మన పాంథర్లు కవిత్వం పట్టుకున్నారు. దాని మీద కూడా కేసులు పెట్టారనుకోండి.

తుపాకి ఎక్కడ పెట్టాలి

కారంచేడులో (1985 జూలై 17) గొడ్డళ్లు, బరిసెలు వాడారు. చుండూరులో (1991 ఆగస్టు 6) కత్తులు, బరిసెలు, ఇనుప రాడ్లు వాడారు. మన దగ్గర దళితుల్ని చంపడానికి తుపాకి పెద్దగా అవసరం పడలేదు. పొలాల్లో తరిమి, నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలువలో వేసిన చోట తూటా ఎందుకు? అందుకే ఆయుధ లైసెన్సు ప్రశ్న ఇక్కడి దళిత ఉద్యమంలో ముందుకు రాలేదు. కానీ ఆంధ్రలో ఆ హత్యల తర్వాత వచ్చిన కోపమే ఒక చట్టాన్ని గట్టిపరచింది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమలైంది. దాని నియమాలు 1995 మార్చి 31న వచ్చాయి. ఆ నియమాల్లో మూడోది ఎంతమంది చదివారు?

అందులో ఇలా ఉంది. అత్యాచారాలు జరిగే అవకాశమున్న ప్రాంతాల్ని గుర్తించాలి. ఆ ప్రాంతంలో ఎస్సీ ఎస్టీలు కానివాళ్ల, వాళ్ల దగ్గరి బంధువుల, వాళ్ల నౌకర్ల ఆయుధ లైసెన్సుల్ని సమీక్షించి రద్దు చేయాలి. ఆ ఆయుధాల్ని ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. అక్రమ ఆయుధాల్ని స్వాధీనం చేసుకోవాలి, తయారీని ఆపాలి. అవసరమనుకుంటే ఎస్సీ ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

1878 నుంచి 1995 దాకా లైసెన్సుకు కులం లేదన్నట్టే రాజ్యం నటించింది. 117 ఏళ్ల తర్వాత మొదటిసారి తన చేత్తో రాసింది, ఉందని. ఇందులో రెండు మాటల దగ్గర మేం ఆగి చూశాం. ఒకటి 'నౌకర్లు'. రిటెయినర్ గడి ఎలా పనిచేస్తుందో నియమం రాసినవాళ్లకు తెలుసు. రెండోది 'ప్రభుత్వ ఆయుధాగారం'. లైసెన్సు డీలరు దగ్గర అనలేదు. డీలరు దగ్గర పెట్టిన తుపాకి కిరాయి కట్టి దాచుకున్న తుపాకి. ఎన్నికలప్పుడు కూడా లైసెన్సుదార్లు జమ చేస్తారు, ఫలితాలయ్యాక తెచ్చుకుంటారు, వచ్చేటప్పుడు నూనె కూడా వేయించుకొస్తారు. ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టినదాన్ని అంత సులువుగా తెచ్చుకోలేరు. నియమంలో ఈ ఒక్క మాట విలువ తెలిసి ఉంటే మనవాళ్లు ప్రతి ఊరి గొడవ తర్వాతా తహసీల్దారును ఈ మాటతోనే నిలదీసేవాళ్లు. మేం మాట్లాడిన కార్యకర్తలు అట్రాసిటీ కేసు ఎఫ్‌ఐఆర్ గురించి, నష్టపరిహారం గురించి నిద్రలో లేపినా చెబుతారు. మూడో నియమం గురించి అడిగితే 'అట్లా ఒకటుందా?' అన్నవాళ్లే ఎక్కువ. వాళ్లను తప్పుపట్టడం లేదు. మాకూ తాత చీటీ దొరక్కపోతే తెలిసేది కాదు.

నియమం వచ్చాక ఏమైంది? బీహారు చూడండి. అక్కడ తుపాకి నిత్యం పేలింది. 1996 జూలై 11న బథానీ టోలాలో 21 మందిని, 1997 డిసెంబరు 1న లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మందిని రణ్‌వీర్ సేన చంపింది. చనిపోయినవాళ్లలో ఆడవాళ్లు, పసిపిల్లలు ఎక్కువ. రెండూ 1995 తర్వాతివే. ప్రమాదమున్న ప్రాంతమని గుర్తించడానికి, లైసెన్సులు రద్దు చేయడానికి భోజ్‌పూర్ కంటే తగిన జిల్లా దేశంలో ఉందా? రెండు కేసుల్లోనూ కింది కోర్టు 2010లో శిక్షలు వేసింది. పాట్నా హైకోర్టు మొదటిదాంట్లో 2012లో, రెండోదాంట్లో 2013లో అందర్నీ వదిలేసింది.

అయితే మాకూ తుపాకులివ్వండి అనడమేనా మన డిమాండు? మూడో నియమం చివరి మాట ప్రకారం అడగవచ్చు. అడగాలని వాదించే మిత్రులున్నారు. మేం దానికి పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాం. దళితవాడలో ఒక తుపాకి ఉంటే మొదట వచ్చేది పోలీసు జీపు. 1978 అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల్ని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించాక ఉత్తర తెలంగాణలో ఎన్ని వాడల్ని సోదా చేశారో, దొరకని తుపాకి కోసం ఎంతమందిని కొట్టారో పెద్దవాళ్లకు గుర్తుంది. అదే సమయంలో నక్సలైట్లు గుంజుకుంటారన్న భయంతో దొరలు తమ తుపాకుల్ని బస్తీలో భద్రంగా జమ చేసుకున్నారు, వాళ్లింట్లో సోదా లేదు. పైగా తుపాకి కొనాలి, తూటాలు కొనాలి, ఏళ్లకోసారి రెన్యువల్, చెడిపోతే బస్తీ దుకాణం. కూలీ డబ్బుతో అవుతుందా? నియమం మొదటి సగం మీద పట్టుబట్టాలని మా అభిప్రాయం. వాళ్ల తుపాకి దించిన తర్వాతే మన తుపాకి మాట. ఇది చర్చకు పెడుతున్నాం.

2019 డిసెంబరులో చట్టం మళ్లీ మారింది. ఒక మనిషికి మూడు తుపాకులు ఉండవచ్చన్నదాన్ని రెండుకు తగ్గించారు. మూడోదాన్ని ఏడాది లోపు పోలీసు స్టేషనులోనో లైసెన్సు డీలరు దగ్గరో జమ చేయాలన్నారు. పార్లమెంటులో దీని మీద బాధపడినవాళ్లు ఉన్నారు, వంశపారంపర్య తుపాకి పోతుందని. ఆ తర్వాత మేం హైదరాబాదులో ఒక దుకాణానికి వెళ్లాం. తాత వెళ్లిన దుకాణం అది కాదు, అది ఎప్పుడో మూతబడింది. ముందు మమ్మల్ని చూసి ఏం కావాలని అడగలేదు, ఎవరు పంపారని అడిగారు. రీసెర్చి అని చెబితే, యూనివర్సిటీ గుర్తింపు కార్డు చూశాక, ఒక పెద్దాయన కూచోమన్నాడు. పాత మరమ్మతు రిజిస్టరు ఒకటి అట్టలూడిపోయింది తీసి చూపించాడు. వచ్చిన తేదీ, లైసెన్సు నంబరు, యజమాని పేరు, ఊరు, తయారీదారు, తుపాకి నంబరు, ఏం పాడైంది, ఎంత అయింది, తిరిగిచ్చిన తేదీ. పేర్లలో రెడ్లు, రావులు, దొరలు, ఒకరిద్దరు నవాబులు. తెచ్చిన మనిషి పేరుకు గడి లేదు. కొన్ని వరుసల్లో మాత్రం అంచున పెన్సిలుతో 'మనిషి వచ్చాడు' అని రాసుంది. అదేంటని అడిగాం. సారు రాకపోతే అట్లా రాసుకునేవాళ్లమని పెద్దాయన చెప్పి, రిజిస్టరు మూసి, ఇప్పుడందరూ కార్లలో వాళ్లే తెచ్చుకుంటున్నారన్నాడు.